ఇల్లు నిండాలని మొక్కుకున్నాను

సంఘ పత్రిక చదువుతున్న సహోదరీ సహోదరులారా, ప్రభువు పేరిట మీ అందరికీ వందనాలు. సాక్ష్యం రాయమని మా సంఘ పాస్టరు అయ్యగారు ఎన్నోసార్లు అడిగినా నేను వెనకాడుతూ వచ్చాను, ఎందుకంటే సాక్ష్యం చెప్పేవాళ్ళందరూ జబ్బు వచ్చింది, ప్రార్థన చేశాను, పోయింది అని అంతా అర్థమైనట్టు చెబుతారు, నా సంగతి అలా లేదు. దేవుడు చేసిన మేలు నా కళ్ళ ముందు తిరుగుతోంది గాని, దాన్ని ఆయన ఏ దారిన తెచ్చాడో ఇన్నేళ్ళయినా నాకు పూర్తిగా తెలియడం లేదు. అయినా మేలు పొంది నోరు మూసుకోవడం తప్పు గనుక రాస్తున్నాను. దేవునికే మహిమ!

నేను పెళ్ళయి వరంగల్ మట్టెవాడకు వచ్చిన తొమ్మిదేళ్ళ వరకు నా ఒడి నిండలేదు. మా ఆయన మిల్లులో పనిచేసేవారు. హనుమకొండలో పెద్ద దవాఖానకు తిరిగాం, ఉపవాసాలున్నాం, కూడికల్లో చేతులుంచి ప్రార్థన చేయించుకున్నాం, ఏమీ కాలేదు. లోకం సంగతి మీకు తెలుసు. పిల్లలు లేని ఆడదానికి గుడిసెలోనైనా గుడిలోనైనా ఒకటే చూపు. ఆ చూపు చూసిన ప్రతివాళ్ళూ నాకు గుర్తున్నారు. పేర్లు ఇక్కడ రాయను, కొందరు ఈ పత్రిక తెప్పించుకుంటారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ నా సొంత ఇంట్లోనే తగిలింది. మా బావగారు, అంటే మా ఆయన అన్న, నర్సంపేటలో ఉంటారు. ఆయన భార్య సుగుణక్క నాకు యారాలు. ఆమె పుట్టింటివాళ్ళు హిందువులు, ఆమె పెళ్ళికి ముందు బాప్తిస్మం తీసుకుంది. వాళ్ళ కొడుకు మొదటి పుట్టినరోజుకు మమ్మల్ని ఇంటికి వచ్చి పిలవలేదు, సంతకు వచ్చిన ఎవరో మనిషితో కబురు పంపారు. సరే, ఇంటివాళ్ళమే గదా అని మనసు చంపుకుని బస్సెక్కి పోయాం. పిల్లవాడు ఏడుస్తుంటే ఎత్తుకున్నాను, నా భుజం మీద ఊరుకున్నాడు. అంతలో కేకు కోసే వేళ అయింది, ఫొటో తీసే అతను కెమెరా సర్దుకున్నాడు. సుగుణక్క వచ్చి నా చేతుల్లోంచి బిడ్డను తీసుకుని, "జర అటు జరుగు చెల్లె, ఫొటోల పిల్లల తల్లులు నిలబడ్తరు" అంది. అంతమందిలో అంది! నేను గోడవరకు జరిగాను. గోడ దగ్గర గిన్నెలు పెట్టి ఉన్నాయి, వాటి మధ్య నిలబడ్డాను. ఆ ఫొటో వాళ్ళింట్లో ఇప్పటికీ ఉంది, అందులో నేను లేను.

తిరుగు బస్సులో కిటికీకి ముఖం ఆనించి నేను చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, నన్ను గోడకు నిలబెట్టారు, నువ్వు చూశావు. నా ఒడి నింపు. నింపితే బిడ్డ మొదటి పుట్టినరోజున ఇల్లు నిండా మనుషుల్ని పిలిచి, వాళ్ళందరి ముందు నీకు స్తోత్రం చెబుతాను. ఇల్లు నిండకపోతే నా మాట అబద్ధం అనుకో."

ఆయన విన్నాడు! డాక్టర్లు ఆశ వదులుకోమన్న నాకు మరుసటి ఏడు ఆడపిల్ల పుట్టింది, కృప అని పేరు పెట్టుకున్నాం. మొదటి పుట్టినరోజు దగ్గర పడింది. మొక్కుబడి తీర్చాలి, ఇల్లు నిండాలి. అక్కడ మొదలైంది సహోదరులారా నా అసలు శ్రమ, ఎందుకంటే ఎవరిని పిలవాలి?

మా సంఘంలో ఇంటి కూడిక ఉంటే ఆదివారం ఆరాధన చివర అయ్యగారు అందరికీ ప్రకటిస్తారు. ప్రకటిస్తే అందరూ వస్తారు, నన్ను ఆ చూపు చూసినవాళ్ళూ వస్తారు. పాటల బృందంలో నా వెనక నిలబడి గుసగుసలాడినామె వచ్చి నా బిడ్డను ముద్దాడుతుందా? బాప్తిస్మపు విందులో నన్ను చూసి పసిబిడ్డను కొంగు కింద దాచినామె మా బగారన్నం తింటుందా? అందుకని ప్రకటించవద్దని అయ్యగారితో చెప్పి, నేనే పిలుచుకుంటానన్నాను. పిలుచుకుందామని కూర్చుంటే ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క గాయం. మా ఆయన భోజనం చేస్తూ నవ్వి, "గిట్లయితే మనం ముగ్గురమే కేకు తినాలె. అందుల పోరికి పండ్లే సక్కగ రాలే" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

సుగుణక్క సంగతి మరీ తెగలేదు. మా అత్తమ్మ ఉండేది ఆ బావగారింట్లోనే. వాళ్ళ ఊరి నుంచి వచ్చినవాళ్ళతో చెప్పి పంపింది, "పెద్దమ్మ లేకుంట బిడ్డకు పుట్టినరోజేంది?" అని. పిలిస్తే నా గోడ నేను మరిచినట్టు అవుతుంది, పిలవకపోతే దేవుని కూడికలో పగ పెట్టుకున్నట్టు అవుతుంది. ప్రార్థన చేశాను. పొద్దున ప్రార్థనలో పిలవమన్నట్టు అనిపించింది, సాయంత్రం ప్రార్థనలో ఆమె వచ్చి బిడ్డను ఎత్తుకుంటే నేను తట్టుకోలేనని, నా బలహీనత దేవునికి తెలుసని అనిపించింది. ఏది ఆయన స్వరం, ఏది నాది? అయ్యగారిని అడిగితే "ప్రార్థన చేయమ్మా" అన్నారు. ఆ ముక్క నాకు ముందే తెలుసు. బియ్యం ఏరుతూ ఏరుతూ మళ్ళీ మొదటి చాటకు వచ్చేదాన్ని, ఏరినవో ఏరనివో తెలిసేది కాదు. తల అట్లా తిరిగిపోయింది.

చివరికి సుగుణక్కను పిలవకూడదని తేల్చుకున్నాను, అత్తమ్మకు మాత్రం కబురు పెట్టాను. సంఘంలో నన్ను నొప్పించని కొన్ని కుటుంబాలను పిలిచాను, సంఘ పెద్దను మర్యాద కోసం పిలిచాను. వాళ్ళతో ఇల్లు నిండదు గనుక మా వాడకట్టులో హిందువుల ఇండ్లకు నేనూ మా ఆయనా గడప గడపకూ పోయి, చేతులు జోడించి, "మా పాప పుట్టినరోజు, ప్రార్థన పెట్టుకున్నాం, భోజనానికి రావాలె" అని చెప్పాం. అందరూ "మంచిదమ్మా" అన్నారు. ఎదురింటి రాజక్క అయితే కృప బుగ్గ గిల్లి మరీ అంది.

ఆ రోజు వచ్చింది. ఇంటి ముందు షామియానా వేయించాం, చాపలు పరిచాం, హనుమకొండ నుంచి కేకు తెచ్చాం, దేగిసాలో బగారన్నం దించాం. పిలిచిన సంఘంవాళ్ళు వచ్చి ముందు చాపల మీద కూర్చున్నారు, వెనక చాపలన్నీ ఖాళీ. వాడకట్టులో ఒక్కరు కదలలేదు. రాకపోతే ఇంట్లోనైనా ఉండాలి గదా? పట్టుచీరలు కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, ఎవరి గడపలో వాళ్ళు నిలబడి మావైపు చూస్తున్నారు! నాకు ఒకటే అర్థమైంది. మా చేతి అన్నం తినరు. చర్చికి పోయే మమ్మల్ని ఏ కులంవాళ్ళు అనుకుంటారో నాకు తెలియదా? తినకపోతే మానె, ముస్తాబై నిలబడి చూడాలా? ప్రతి గడపనూ గుర్తుపెట్టుకున్నాను. అయితే నా మొక్కు? ఇల్లు నిండలేదు. నా మాట అబద్ధం అయింది. దేవుడు ఇచ్చిన బిడ్డను ఎత్తుకుని ఆయన ముందే అబద్ధమాడినదాన్నయ్యాను. "ప్రభువా, ఎవరిని పిలవాలో అడిగితే చెప్పలేదు, పిలిచినవాళ్ళు రాలేదు, నేనేం చేయాలి?" అని వంటింటి తలుపు వెనక ఏడ్చాను.

అప్పుడు రిక్షా ఆగింది. అత్తమ్మ దిగింది, ఆమె చేయి పట్టుకుని సుగుణక్క దిగింది. పిలవని సుగుణక్క! గడప ఎక్కలేదు. షామియానా బయటే నిలబడి, "అత్తమ్మను దించిపోదామని వచ్చిన, తిరుగు బస్సుకు పోతాన" అంది. ఆమె ఖాళీ చాపలు చూసింది, వాడకట్టు చూసింది.

"వాళ్ళను పిలిచినవా చెల్లె?"

"పిలిచినం. రారు. మన కూడు తింటరా వాళ్ళు?"

"బొట్టు పెట్టి పిలిచినవా?"

"మనకు బొట్టేంది?"

"మనకు లేదు, వాళ్ళకున్నది" అని సుగుణక్క నెత్తి మీద చేయి పెట్టుకుంది. "బొట్టు పెట్టకుంట పిలుస్తె వాళ్ళకది పిలుపేనా? ఊకె చెప్పిపోయినట్టు. వాళ్ళు ఎదురుసూస్తాండ్రు, పిచ్చిదానా!"

నేను ఆపేలోగా ఎదురింటి గడప ఎక్కింది. రాజక్క దగ్గరే కుంకుమ భరిణె అడిగి తీసుకుని, రాజక్కకు బొట్టు పెట్టి, "మా మరిది బిడ్డ పుట్టినరోజు, రావాలె వదినా" అంది. ఆ తరువాత పక్కిల్లు. ఎవరి ఇంటి కుంకుమ వాళ్ళకే పెట్టింది, మన చేతికి అంటిన రంగు తప్ప మన ఇంట్లోకి ఏమీ రాలేదు. సంఘ పెద్ద లేచి, "క్రైస్తవుల కూడికకు కుంకుమ పిలుపా!" అన్నాడు. అన్నవాడు వెళ్ళిపోలేదు, భోజనాల వేళకు మళ్ళీ కూర్చున్నాడు. అది కూడా నాకు గుర్తుంది.

రాజక్క అందరికంటే ముందు వచ్చింది. "పొద్దటిసంది తయారై నిలబడితి తల్లీ! పిలుపు వస్తదేమో వస్తదేమో అని కాళ్ళు గుంజబట్టె. మొన్న చేతులు జోడిస్తివి, మీ ప్రార్థన సంగతి చెప్తానవనుకున్న" అని నన్నే తిట్టింది. ఆమె వెనక ఇల్లిల్లూ కదిలింది. చాపలు నిండాయి, అరుగు నిండింది, నిలబడినవాళ్ళు గోడ వరకు నిండారు. సహోదరులారా, ఇల్లు నిండింది! నేను ఏరి ఏరి పిలిచిన పిలుపుతో కాదు, నేను పిలవని మనిషి పిలుపుతో నిండింది! ఇది దేవుడు కాకపోతే ఎవరు?

అయ్యగారు ప్రార్థన ముగించారు. కేకు ముందుకు వచ్చింది. ఫొటో తీసే అతను "దగ్గరికి రాండ్రి" అన్నాడు. చూస్తే సుగుణక్క ఇంకా షామియానా గుంజ దగ్గరే ఉంది. వాడకట్టంతా పిలుపు అందుకుని లోపలికి వచ్చింది, పిలిచిన మనిషికి పిలుపు లేదు. అత్తమ్మ నన్ను చూసింది, మా ఆయన నేల చూశారు. నాకు గిన్నెల మధ్య నిలబడిన రోజు గుర్తుకొచ్చింది, ఆ మాట ఆ గొంతుతోనే వినిపించింది. క్షమించాలా, గుర్తుచేయాలా, ఏమీ తోచలేదు. ప్రార్థన కూడా రాలేదు, "ప్రభువా" అన్నంత వరకే వచ్చింది. నోరు తెరిచాను.

"జర ఇటు జరుగు అక్కా."

అన్నది నేనే. అనాలని అనుకోలేదు, ఒట్టు. సుగుణక్క కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చి నా పక్కన నిలబడింది, కుంకుమ వేళ్ళతో కృప చేయి పట్టుకుంది, కేకు కోశాం.

ఇప్పుడు కృప బడికి పోతోంది. మీరు అడగవచ్చు, క్షమించావా అని. నాకు తెలియదు. ఆనాడు గోడకు నిలబెట్టినందుకు ఆమె ఇంతవరకు ఒక్క మాట అనలేదు, నేనూ మరువలేదు. పైగా మా ఫొటోలో ఆమెకు సగం ముఖమే పడిందని నన్ను ఇప్పటికీ దెప్పుతుంది, అది ఫొటో తీసినతని తప్పు గాని నాది కాదు. ఆ కుంకుమ పిలుపు సరైనదో కాదో కూడా నాకు తెలియదు. అయ్యగారిని అడిగితే బైబిలు సంచిలో పెట్టుకుంటూ, "బగారన్నం బాగా కుదిరిందమ్మా" అన్నారు. ఒకటి మాత్రం తెలుసు. అంతకు ముందు ఆమె మాట రోజూ నా గుండె మీద రాయిలా కూర్చునేది. ఇప్పుడు మాట ఉంది, రాయి లేదు. ఎప్పుడు తీశాడో నేను చూడలేదు. తీసినవానికే స్తోత్రం!

అందుకే నా ప్రియులారా, ఎవరిని పిలవాలో, ఎవరిని మానాలో తేల్చుకోలేక మీ తల తిరుగుతుంటే, తేలేవరకు ఆగకండి. ముందు ప్రభువును పిలవండి, ఆయనకు బొట్టు అక్కరలేదు, ఊరికే "ప్రభువా" అన్నా చాలు. మిగతావాళ్ళను ఎవరి చేత పిలిపించాలో ఆయనకు తెలుసు. మీరు చేయవలసిందల్లా, గుంజ దగ్గర ఎవరైనా నిలబడి ఉంటే, కాస్త చోటివ్వడమే.