సారు పరీక్షకు నేను చేసిన సాయం

ఒక పెద్దమనిషి ఇరవై ఏళ్ల నౌకరీని ఒక్క ఆదివారంలో ముంచడానికి ఏమేం కావాలో నన్నడగండి, చెబుతాను. కాసిని పల్లీలు, ఒక బొగ్గు ముక్క, కొత్తగా చదువు వచ్చిన ఒక మూర్ఖుడు. పల్లీలు, బొగ్గు ఎక్కడైనా దొరుకుతాయి. ఆ మూడోవాణ్ణి నేనే.

డెబ్బైల మొదట్లో సంగతి. అప్పట్లో నేను ఖాజాగూడ గుట్టల్లో రాళ్లు కొట్టేవాణ్ణి. ముప్పై దాటాక అక్షరాలు దిద్దాను. దిద్దించింది మా బడి పంతులు కామేశ్వరరావు సారు. గోదావరి దిక్కు నుంచి వచ్చిన మనిషి. దారికి అడ్డం నిలబడ్డ బర్రెను కూడా 'కాస్త జరగండి' అంటాడని మావాళ్లు నవ్వుకునేవాళ్లు. సాయంత్రం పిల్లలు ఇళ్లకు పోయాక నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పేవాడు. ఏడాది తిరిగేసరికి బస్సు మీది బోర్డు చదివాను. ఇక నాకు రానిది లోకంలో లేదనుకున్నాను. అక్షరం ఆలస్యంగా వచ్చింది గానీ, పొగరు మాత్రం దానికన్నా ముందే వచ్చి కూర్చుంది.

ఆ ఏడు సారుకు ఒక పరీక్ష పడింది. చాలా ఏళ్లు పని చేసిన పంతుళ్లకు పెద్ద సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష. అంతకుముందు పట్నం పోయి, కూర్చుని కాగితాలు నింపి వస్తే అయిపోయేది. ఆ ఏడు పద్ధతి మార్చారు. రాసేది లేదు. అధికారే బడికి వస్తాడు. ఆయన ముందర పంతులు పిల్లలకు కొత్త పాఠం ఒకటి చెప్పాలి. సర్టిఫికెట్ వస్తే సారు మా బడికే హెడ్మాస్టరు. రాకపోతే అది ఉన్న ఇంకెవరో వస్తారు, సారు సామాను సర్దుకుని ఏ మారుమూలకో పోవాలి. అక్షరాలు మప్పిన మనిషి పోతాడంటే నాకు అన్నం దిగలేదు.

"ఏం పాఠం చెప్తవు సారూ?" అని అడిగాను.

"చదరపు కొలతలు. నేల ఎంతుందో లెక్కగట్టడం. మా పిల్లలకు దాని వాసన కూడా తెలీదు. అదే మంచిది."

"మంచిదెట్లయితది? ఆఫీసరు అడిగితే పోరగాండ్లు నోరు తెరుచుకొని చూడరా?"

"వాళ్లకు వచ్చా రాదా అని కాదయ్యా నర్సింలూ. నాకు నేర్పడం వచ్చా రాదా అని చూస్తారు. పద్ధతి మారింది."

ఆ మాట నాకు ఎక్కలేదు. మీకైనా ఎక్కేదా, చెప్పండి! తనిఖీ అంటే నేనెరగనిదా? దొర వస్తాడు, ప్రశ్న వేస్తాడు, పిల్లలు తడబడితే పంతుల్ని కడిగేసి, కోడికూర తిని పోతాడు. ఏమీ రాని పిల్లల్ని చూసి సంబరపడే ఆఫీసరు ఇంకా పుట్టలేదు. సారు ఉత్త అమాయకుడు, ఈ గండం నేనే గట్టెక్కించాలి అనుకున్నాను.

మా ఆవిడ ఈశ్వరమ్మ దగ్గర మాత్రం దాచలేదు. "పోరగాండ్లకు ఆ లెక్క నేనే చెప్పి పెడత" అన్నాను.

"నీకెప్పుడొచ్చింది ఆ లెక్క?"

"పొద్దంత రాళ్ల మధ్యల ఉండేటోడికి కొలతలు రావా?"

"కొలిచేది మేస్త్రి. నువ్వు కొట్టేటోనివే" అంది.

ఆడవాళ్లకు చదువు విలువ తెలియదని సర్దిచెప్పుకున్నాను. ఆదివారం పిల్లలందరినీ గుట్ట మీదికి తోలుకుపోయి, పల్లీలు పంచి, బండ మీద బొగ్గుతో ఒక గది గీశాను. మా పనిలో లెక్క తేలిక. బండకు బయటికి కనబడే రెండంచులు నున్నగా చెక్కాలి, కూలి ఆ అంచుల కొలత మీదనే. అవతలి రెండంచులు గోడలోకి పోతాయి, వాటికి పైసలు లేవు. నడుమ సంగతి అడిగే నాథుడే లేడు. అదే శాస్త్రం పిల్లలకు చెప్పాను.

"పొడుగెంత? అడ్డమెంత? రెండూ కలుపు. గంతే! సారుకు మాత్రం చెప్పొద్దు. చెప్తే పల్లీలు బంద్."

పొద్దుగూకే వేళకు గుట్ట గుట్టంతా ఆ పాఠం వల్లించింది.

పరీక్ష రోజు అధికారి వచ్చి వెనక కూర్చున్నాడు. సన్నగా, పొడుగ్గా, నవ్వడానికి పైనుంచి ఆర్డరు రావాలన్నట్టు ఉన్నాడు. నేను పని ఎగ్గొట్టి కిటికీ పట్టుకుని నిలబడ్డాను, పెళ్లికొడుకు తండ్రిలాగా.

సారు మెల్లగా మొదలుపెట్టాడు. "పిల్లలూ, ఒక గది నాలుగడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు ఉందనుకోండి. ఆ నేల ఎన్ని చదరపు అడుగులో తెలుసుకోవాలంటే..."

"ఏడూ!" బడి కప్పు లేచిపోయింది.

సారు చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. "కాదర్రా, నేనింకా చెప్పలేదు. పోనీ, ఆరడుగులు, ఐదడుగులు అయితే?"

"పదకొండూ!"

సారు ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. అధికారి లేచాడు. "ఇది కొత్త పాఠం అన్నారు కదా పంతులుగారూ? పిల్లలు ముందే నేర్చుకున్నట్టున్నారు. అది కూడా తప్పు నేర్చుకున్నారు. ఎవరు చెప్పిండ్రు పిల్లలూ?"

వేళ్లన్నీ కిటికీ వైపు తిరిగాయి. పారిపోదామనుకున్నాను.

"నేను చెప్పలేదండి, నాకు తెలీదండి" అన్నాడు సారు. నా వైపు చూశాడు. తిడతాడేమోనని తల వంచాను. ఆయన తిట్టలేదు. "లోపలికి రావయ్యా నర్సింలూ. నీ లెక్కేంటో మాకూ చూపించు" అన్నాడు.

నేల మీద ఒక గడి గీసి, పిల్లల పలకలు పేర్చమన్నాడు. పొడుగునా నాలుగు, అడ్డంగా మూడు పట్టే గడి. నేను పొడుగంచుకు నాలుగు, అడ్డం అంచుకు మూడు, మూలన పలక మీద పలక ఎక్కించి, ఏడు పెట్టి చేతులు దులుపుకున్నాను.

"కాకా, ఇంకా జాగ ఉన్నది గదా" అంది ముందు కూర్చున్న సువర్ణ అనే పిల్ల.

"అది నడుమది. నడుమ లెక్కల రాదు" అన్నాను.

"ఎందుకు రాదు?" అన్నాడు అధికారి.

"కూలి అంచుకే సార్. నడుమకెవరిస్తరు?"

ఆ మనిషి మూతి మీద చెయ్యి పెట్టుకున్నాడు. సారు మాత్రం నవ్వలేదు. "సరే, మీ ఇంట్లో నడుమ నేల మీద ఎవరైనా పడుకుంటారా?"

"మా అత్తమ్మ పడుకుంటది సారూ."

"మరి ఆవిడ్ని ఇంట్లోంచి తీసేద్దామా?"

"తీసేస్తే మంచిదే గానీ, మా ఈశ్వరమ్మ ఒప్పుకోదు!"

బడంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే సువర్ణ లేచి, మూలన ఎక్కిన పలక దించి, మిగిలిన జాగంతా పలకలు పరిచింది. వరుసకు నాలుగు, మూడు వరుసలు. "పన్నెండు! కాకా, నీది తప్పు!" అని అరిచింది. ఆ తర్వాత సారు ఇచ్చిన ప్రతి గదికీ పిల్లలు సరైన లెక్కే చెప్పారు. చెప్పిన ప్రతిసారీ నా వైపు చూసి ఇకిలించారు.

చివర్లో అధికారి సారు చెయ్యి పట్టుకున్నాడు. "తెలియని పిల్లలకు చెప్పడం రోజూ చూస్తున్నా. తప్పు గట్టిగా నేర్చుకున్నవాళ్ల చేత దాన్ని వదిలించడం ఇయ్యాలనే చూసిన. హెడ్మాస్టరుగా ఈ ఊళ్లోనే ఉండండి." తర్వాత నా దగ్గరికి వచ్చాడు. "నువ్వు ఇంక ఏ బళ్లోనైనా చెప్పినవా?"

"లేదు సార్."

"బతికించినవ్" అని జీపెక్కాడు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. ఆగలేదు. వారం తిరక్కముందే మదీనాగూడ దిక్కు నుంచి ఒక పంతులు సైకిలేసుకుని మా గుడిసెకు వచ్చాడు. వెనకాలే చందానగర్ నుంచి ఇంకొకాయన. "నర్సింలన్నా, మాకు కూడా తనిఖీ పడ్డది. పల్లీలు మేమే తెస్తం. జర మా పిల్లలకు కూడా ఏదన్న తప్పు చెప్పిపోరాదు!"

అందుకే, నాకు అక్షరాలు దిద్దించిన చేతుల సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఎవరికీ, ఎన్నడూ, ఏదీ నేర్పను. మా ఈశ్వరమ్మ విని, "నీకు కొలిచేది రాదని నేను చెప్పలేదా" అంది. కొలవడం నాకు ఈనాటికీ రాలేదు. వచ్చినా ఎవరికీ నేర్పను.