డిండి అవతలి ఉలవ గుడాలు

మాంసం ముట్టకుండా ఒంటికి ప్రొటీన్ ఎక్కడిదని మా మనవరాలు మొన్న అడిగింది. నాకు వెంటనే అరవైల నాటి డిండి ప్రయాణం గుర్తొచ్చింది. అప్పుడు నేను కట్టంగూర్ దగ్గరి పల్లెలో బడిపంతులును. నా భార్య సత్తెమ్మ టైఫాయిడ్ నుంచి లేచింది కానీ నాలుగడుగులు వేస్తే కళ్లు తిరిగి కూలబడేది. గుడ్లు పెట్టకపోతే కోలుకోదన్నాడు నల్గొండ దవాఖాన డాక్టరు. ఆమె తులసిమాల వేసుకున్న మనిషి. "సచ్చినా ముట్ట" అంది. పిండిలో కలిపితే తెలియదని కాంపౌండరు నా చెవిలో ఊదాడు. నాకు ఆమె బతకడమే ముఖ్యమనిపించింది. ఊకలో దాచి రెండు గుడ్లు సంచిలో పెట్టుకున్నాను.

డిండి అవతల ఉన్న తన అమ్మమ్మను చూడాలని సత్తెమ్మ పట్టుబట్టడంతో పొద్దున ఆరింటి బస్సుకు బయలుదేరాం. నల్గొండలో బస్సు మారి, దేవరకొండ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఇద్దరికీ రెండు మూడు రూపాయల్లో అయిపోయే దారి. డిండి బస్సులో నా అవస్థ చూసి డ్రైవరు నవ్వాడు.

"ఏంది సారూ, సంచిని గట్ల పసిపిల్ల లెక్క పట్టుకున్నరు?"

"మందు సీసాలు" అన్నాను. సత్తెమ్మ కిటికీలోంచి సీతాఫలం చెట్లు చూస్తూ కూర్చుంది.

డిండి వాగు దాటితే పాలమూరు జిల్లా. అక్కడి నుంచి ఎడ్లబండి మీద గంట ప్రయాణం. సత్తెమ్మ చేతులు తడిమి వాళ్ల అమ్మమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏం తింటున్నవ్ బిడ్డా?"

"దినాం ఉలవచారే అవ్వా."

"మరి ఉలవలో?"

"ఎడ్లకు పెడ్తం."

ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టడం, వంచిన కట్టుతో మనుషులు చారు కాచుకోవడం మా ఇంట్లో తాతల నాటి పద్ధతి. అవ్వ నావైపు తిరిగింది. "ఏమయ్యా అల్లుడా, గింజలేమో ఎడ్లకు, నీళ్లేమో నా బిడ్డకా? మీ ఎడ్లు మస్తుగ బలిసినయా?"

పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి, తల ఎత్తలేకపోయాను. అవ్వ నానిన ఉలవలు ఉడికించి, ఉల్లిగడ్డ వేసి గుడాలు చేసింది. జొన్నరొట్టె, గట్టి కందిపప్పు, గడ్డపెరుగు, పల్లీల ముద్ద. నేను రొట్టె తుంచి ఇవ్వబోతే సత్తెమ్మ చేయి అడ్డంపెట్టి "అవ్వ పెడ్తది" అంది. గారాబం అనుకున్నాను. గుడ్లు మాత్రం సంచిలోనే ఉండిపోయాయి. మా ఎడ్ల కొట్టంలోనే ఉన్న మందు వదిలేసి దొంగపనికి సిద్ధపడ్డానని సిగ్గేసింది. మూడోనాడు వాటిని పక్కింటి ఎల్లమ్మకు ఇచ్చేశాను. నెల తిరిగేసరికి సత్తెమ్మ డిండి బాట దాకా తనే నడిచింది.

ఎన్నో ఏళ్ల తర్వాత అదే దారిన బస్సులో వెళ్తుంటే ఆమె ఉన్నట్టుండి అడిగింది. "ఆనాడు సంచిల గుడ్లే కదా?"

నేను ఆమె వైపు తిరిగాను. "తెలిసి ఎట్ల తిన్నవే?"

"నీ చేతి ముద్ద రెండొద్దులు ముట్టలే. నువ్వు సూడనే లేదు. గుడ్లు ఎల్లమ్మకిచ్చినవని తెలిసినంక తిన్న."

ఇప్పుడు సత్తెమ్మ లేదు. ఉలవలు ఉడికే వాసన ఎక్కడ తగిలినా ఆ రెండు రోజులే కళ్ల ముందుకు వస్తాయి. నాకు ఆమె మీద ఉన్న ప్రేమ నిజమే, కానీ ఆమె మాటంటే లెక్కలేని ప్రేమ అది.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. శాకాహారులైతే రాత్రి నానిన ఉలవలు తడిగుడ్డలో మూటగట్టి సంచిలో వేసుకోండి, మర్నాటికి మొలకెత్తుతాయి, ఎక్కడ దిగినా ఉడికించుకోవచ్చు. సంచిలో ఏముందని పక్కన కూర్చున్న మనిషి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.