ముద్ద కూడా ముట్టదని రాసుకున్నారు

చోడవరం నుంచి విశాఖపట్నం వెళ్లడం మాకు పెద్ద యాత్రేమీ కాదు. బట్టలు కొనాలన్నా, పళ్లు చూపించుకోవాలన్నా వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తాం. అయినా ఈ ప్రయాణం గురించి రాస్తున్నాను. తూకం మెషినూ సూదులూ పట్టుకుని మీ ఊరికీ ఎవరైనా వచ్చి, ఆ తర్వాత మళ్లీ కనిపించకపోతే, మీరూ ఇదే దారి పట్టాల్సి రావచ్చు.

మా దగ్గరకి పోయిన గానుగ రోజుల్లో వచ్చారు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ రోడ్డు పొడుగునా చెరుకు ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. పిల్లల ఎదుగుదల మీద పరిశోధన అన్నారు. అంగన్‌వాడీ దగ్గర పిల్లల్ని వరసగా నిలబెట్టి, బరువు తూచి, ఎత్తు కొలిచి, వేలు గుచ్చి అట్టముక్కల మీద రక్తం అద్దుకున్నారు. మా జోషితకి అప్పటికి రెండేళ్లు నిండాయి. సూది దిగగానే వీధంతా వినబడేలా ఏడ్చింది. "రక్తం ఎంతుందో నెలలోపు చెప్తాం అక్కా" అంది వాళ్లలో ఒకమ్మాయి. నా నంబరు తీసుకుని, తన నంబరూ ఇచ్చింది.

తర్వాత ప్రశ్నలు. "పాప అన్నం సరిగ్గా తింటుందా?" అంటే, నేను నోరు తెరిచేలోపే మా అత్తగారు అందుకున్నారు.

"ఏటి తింటాదమ్మా! ముద్ద కూడా ముట్టదు. నాలుగు మెతుకులు కెలికి లెగిసిపోద్ది."

అంతకు కాసేపటి ముందే జోషిత గిన్నెడు చోడి అంబలి, అదే రాగిజావ, తాగి, గుడ్డు తిని, వేళ్లకంటిన పచ్చసొన కూడా నాకేసింది. అయినా నేను సరిదిద్దలేదు. మా వైపు ఏ తల్లీ సరిదిద్దదు. బయటివాళ్ల ముందు పిల్ల బాగా తింటుందని చెబితే దిష్టి తగిలి చీకటి పడేసరికి ఒళ్లు కాలిపోతుందని అందరి భయం. వరసలో ఉన్న ఆడవాళ్లందరూ అదే మాట చెప్పారు. ఒకావిడ తన బొద్దు కొడుకుని చంకలో మొయ్యలేక ఆయాసపడుతూనే "మా గుంటడు గాలి తిని బతుకుతన్నాడు" అంది. ఆ అమ్మాయి తలెత్తకుండా అన్నీ ట్యాబ్‌లో కొట్టుకుంది.

నెల గడిచింది, వానలూ వచ్చి వెళ్లాయి. ఫలితం రాలేదు. జోషిత మాత్రం పాలిపోతోంది. వీధి చివరిదాకా పరిగెత్తే పిల్ల సగంలోనే కూలబడి ఎత్తుకోమంటోంది. పరీక్ష చేయిద్దామంటే మా ఆయన "రక్తం తీసుకెళ్లేరు కదా, ఏదైనా ఉంటే సెప్పరేటి?" అన్నారు. వాళ్లేమీ చెప్పలేదు కాబట్టి అంతా బాగానే ఉందని ఇంట్లో తేల్చేశారు. నాకు నిద్ర పట్టేది కాదు. ఆ అమ్మాయికి ఫోన్ చేస్తే ఎత్తదు. ఒకరోజు ఆమె వాట్సాప్ స్టేటస్‌లో, విశాఖపట్నంలో ఒక కాలేజీలో జరిగే పరిశోధనల సదస్సు ప్రకటన కనిపించింది. అందులో మా ప్రాంతం పిల్లల గురించీ ఉంది. అందరూ ఆహ్వానితులే అని రాశారు. అందరిలో నేనూ ఉన్నాననుకున్నాను.

సదస్సు రోజు పొద్దున్న ఏడింటికి జోషితా నేనూ సబ్బవరం మీదుగా వెళ్లే బస్సు ఎక్కాం. ఆడవాళ్లకి బస్సు ఉచితం కదా, ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టాడు. ఎక్కేముందే కార్డు చేతిలో పెట్టుకోండి, చంకలో పిల్లతో సంచీ వెతకడం కష్టం. పక్కసీటులో పువ్వుల బుట్టతో ఉన్న ఆవిడ పొద్దున్నే ఎక్కడికని అడిగింది. రీసెర్చి చూడ్డానికన్నాను.

"నువ్వేటి సూస్తావమ్మా? ఆళ్లే మనల్ని సూసి పోతారు గానీ."

తొమ్మిదిన్నరకి ఆర్టీసీ కాంప్లెక్సులో దిగాం. క్యాంటీన్లో ఇడ్లీ తిన్నాం. జోషిత తన ప్లేటు ముగించి నా ప్లేటులోంచి ఒకటి లాక్కుంది. అక్కడి నుంచి ఆటోలో కాలేజీకి వెళ్లాం.

హాలు చల్లగా ఉంది. గోడల పొడుగునా నిలువెత్తు పోస్టర్లు. చెరుకు పిప్పితో ఏం చెయ్యొచ్చో ఒకటి, సముద్రపు నాచు మీద ఒకటి, ఆటోడ్రైవర్ల నిద్ర గురించి ఒకటి, కొండ మీది భాషల గురించి ఇంకొకటి. డిగ్రీ చదివినదాన్ని, ఓపిగ్గా అన్నీ చదివాను. కొన్ని నిజంగా బాగున్నాయి. కానీ ఆ డ్రైవర్లలో ఒక్కడైనా ఈ గోడ చూస్తాడా అనిపించింది.

టీ విరామంలో జోషితకి ఒక సమోసా ఇచ్చాను. అది అయిపోగానే రెండోదానికి చెయ్యి చాచింది. మెడలో బ్యాడ్జీ ఉన్న ఒకావిడ వంగి చూసి "పాపం, బాగా ఆకలి మీదున్నట్టుంది. ఏ ఊరమ్మా మీది?" అంది. చోడవరం అన్నాను. "ఓ..." అని ఆవిడ కిటికీ పక్కనున్న పోస్టరు వైపు చూసింది.

వెళ్లి చదివాను. చెరుకు పొలాలు, అంగన్‌వాడీ గుమ్మం, వెనక నుంచి తీసిన పిల్లల ఫోటో. పైన పెద్ద అక్షరాలతో, తిండి పెట్టడంలో తల్లుల అశ్రద్ధ అని ఉంది. కింద, పిల్లలు ముద్ద కూడా తినరని తల్లులే ఒప్పుకున్నారని రాశారు. మా అత్తగారి మాట ఇంగ్లీషులోకి మారి అక్కడ కూర్చుంది.

పోస్టరు పక్కనే ఉంది ఆ అమ్మాయి. నన్ను గుర్తుపట్టి మొహం చిన్నబుచ్చుకుంది. "అక్కా, మేడమ్‌తో మాట్లాడండి" అని ఆ పరిశోధన నడిపిన పెద్దావిడ దగ్గరకి తీసుకెళ్లింది.

"మా పాప రక్తం ఎంతుందో చెప్పండి మేడమ్" అన్నాను.

"పేర్లన్నీ తీసేశామమ్మా. అది నియమం, మీ మంచికే. ఏది ఎవరిదో ఇప్పుడు మాకూ తెలీదు."

"పేర్లు తియ్యకముందు తెలుసు కదా?"

"పరిశోధన వేరు, వైద్యం వేరు."

"ఎవరి పిల్లో తెలీదు గానీ, ఎవరి అశ్రద్ధో తెలిసిందా?"

ఆవిడ చుట్టూ చూసింది. "గొంతు తగ్గించండి. తినరని చెప్పింది మీరే."

దిష్టి గురించి చెప్పాను. ఏ తల్లి చంకలోనైనా ఉన్న పిల్లాణ్ని చూస్తే తెలిసేదే కదా, తలెత్తి చూశారా అని అడిగాను. "ఆసక్తికరంగా ఉంది, తర్వాతి పరిశోధనలో చూద్దాం" అంది మేడమ్. నా కూతురు ఇంకొకరి తర్వాతి పరిశోధన దాకా ఆగాలట! ఆ అమ్మాయి మాత్రం గుమ్మందాకా వచ్చి "సారీ అక్కా" అంది. జోషితని ఎత్తుకుని ఆటో ఎక్కేశాను.

ఒంటి గంటకి కాంప్లెక్సు దగ్గర చిన్న ల్యాబులో జోషిత రక్తం ఇచ్చాం. మళ్లీ సూది, మళ్లీ ఏడుపు. ఫలితం గంటలో వచ్చింది. పక్క గదిలోని డాక్టరు చూసి, రక్తం బాగా తగ్గిందన్నారు. జోషితని దగ్గరికి లాక్కున్నాను.

"భయపడకండి, మందులతో పెరుగుతుంది. కానీ ఇంత తగ్గేదాకా ఏం చేస్తున్నారు?"

ఏం చేస్తున్నాను? ఫలితం కోసం ఎదురుచూస్తున్నాను.

"పాప బాగా తింటుందా?"

నాలిక మీదికి మా అత్తగారి మాటే వచ్చింది. మింగేసి, "తింటుందండీ. గిన్నె ఖాళీ చేస్తుంది" అన్నాను.

"అలాగైతే కడుపులో పురుగులు ఉండొచ్చు. పరీక్ష చేయిద్దాం. తినదని చెప్పి ఉంటే నేను ఇంకోలా ఆలోచించేవాణ్ని."

మందుల సంచీతో నాలుగింటి బస్సు పట్టుకున్నాం. కూర్చోడానికి చోటు దొరికింది. కిటికీలో ఊళ్లు వెళ్లిపోతుంటే నా కోపం మాత్రం తగ్గలేదు. ఆ అట్టముక్క మీది చుక్కలకి అప్పుడే తెలుసు. చదివినవాళ్లకీ తెలుసు. తెలిసీ దాన్ని గ్రాఫు గీతల్లో కలిపేసి, పైన మా పరువు తీసే మాట రాసి గోడకి తగిలించారు.

సబ్బవరంలో మాడుగుల వైపు వెళ్లే ఒక ముసలమ్మ ఎక్కి నా పక్కన కూర్చుంది. జోషిత అరటిపండు తింటోంది.

"గుంట బాగా తింటాదేటమ్మా?"

"బాగా తింటుంది. అయినా రక్తం తక్కువుంది. మందులు తెస్తున్నాను."

"ఓలమ్మా, అలగ పైకి సెప్పేస్తావేటి!" అని ఆవిడ గబుక్కున జోషిత బుగ్గలు నిమిరి, తన కణతల దగ్గర మెటికలు విరిచింది. కొంగు సర్దుకుంటూ అంది, "మా మనవరాలికీ తీసేరమ్మా నెత్తురు. ఆ ట్యాబులోళ్లే."

"ఎంతుందన్నారు?"

"సెప్పనేదు. సెప్పనేదు గాబట్టి బాగున్నట్టేననుకున్నాం."

మా ఆయన మాటే. ఇంకెన్ని ఇళ్లల్లో ఇదే మాట అనుకుని కూర్చున్నారో! రేపే మనవరాలిని చోడవరం ఆసుపత్రికి తీసుకురమ్మన్నాను, నేనూ వస్తానన్నాను. డాక్టరు మొదట ఏం అడుగుతారో, ఎందుకు నిజం చెప్పాలో చెప్పాను.

"ఇంతకీ తింటాదా మనవరాలు?" అన్నాను.

ముసలమ్మ ముందు సీటు చూసింది, వెనక సీటు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా చెవి దగ్గరకి వంగింది.

"తింటాదమ్మా" అంది. "సానా బాగా తింటాది."