ఆదరణ కూడికలో నేను చెప్పిన సాక్ష్యం

మా క్రైస్తవుల ఇళ్ళలో మనిషి పోయాక ఆదరణ కూడిక అని ఒకటి పెడతారు. దుఃఖంలో ఉన్నవాళ్ళను ఓదార్చడానికట. నా మటుకు నాకు అంత విసుగు పుట్టించిన పూట ఇంకొకటి లేదు.

తొంభైల చివర, పత్తికి పురుగు విరగబడి పట్టిన ఏడాది. మా ఆయన మూతికి గుడ్డయినా కట్టుకోకుండా ఎండలో మందు కొట్టొచ్చి, అరుగు మీదే వాంతులు చేసుకుని పడిపోయాడు. గుంటూరు ఆసుపత్రికని ఆటోలో బయల్దేరాం. నల్లపాడు దాటకముందే ప్రాణం పోయింది. దారి పొడవునా ప్రార్థన చేస్తూనే ఉన్నాను. అదీ నా మంట. నోరెండిపోయేదాకా అడిగినా వినకపోతే ఇంకెలా అడగాలి?

చర్చివాళ్ళు వచ్చినవాళ్ళు వచ్చినట్టు, "దేవుని చిత్తమమ్మా, ఏడవకు" అనేవారు. నేను అసలు ఏడవనే లేదు. అబ్బబ్బ, ఎంత తేలిగ్గా అనేవారో! వాళ్ళ మొగుళ్ళు మిరప చేలకు నీళ్ళు పెట్టుకుంటూ సుబ్బరంగా ఉన్నారు మరి.

కూడికకు ముందురోజు పాస్టరుగారు వచ్చారు. "చివర్లో నువ్వు లేచి, దేవుడు నన్ను ఆదరించాడని రెండు ముక్కలు సాక్ష్యం చెప్పమ్మా. సంఘానికి బలంగా ఉంటుంది" అన్నారు. సంఘానికి బలమట! నాకు ముద్ద దిగి మూడు రోజులైంది. ఈ కూడిక కానిచ్చేస్తే నాకూ దేవుడికీ చెల్లు, మళ్ళీ చర్చి గడప తొక్కేది లేదని అప్పుడే తేల్చేసుకున్నాను.

మర్నాడు షామియానా కింద పాటలయ్యాయి, బైబిలు వాక్యం చెప్పడం అయింది. వెనకాల వంటవాళ్ళ గరిటెల చప్పుడు. నన్ను లేవమన్నారు. లేచాను. నేర్పిన మాట నోట్లోంచి రాలేదు.

"నాకే ఆదరణా లేదండి. దేవుడి మీద ఒళ్ళు మండిపోతోంది. అంతే" అని కూర్చున్నాను.

పాస్టరుగారు మైకు సర్దుకుని ఏదో అనబోయారు. అంతలో మా అత్త లేచింది. కొడుకు పోయినప్పటినుంచీ చాప మీంచి కదలని మనిషి. అయిపోయింది, నలుగురిలో నన్ను కడిగేస్తుందనుకున్నాను.

"దాని తప్పేం లేదయ్యగారూ. నాకూ మండతానే ఉంది. ఒక్కగానొక్క కొడుకండీ. రోజూ తెల్లారగట్ట దేవుణ్ణే నిలదీస్తన్నా. ఇంకెవర్ని నిలదీయమంటారు? నా గోడు వినేవాడు ఇంకెవడున్నాడు?" అంది. నా వైపు తిరిగి, "ఏడవ్వే, గట్టిగా ఏడువు. ఈళ్ళ మాట ఇనమాకు" అంది.

ఆయన పోయాక అప్పుడే మొదటిసారి ఏడ్చాను. చీర కొంగు తడిసి ముద్దయింది.

కోపం పోయిందా అంటే, పోలేదు. మర్నాడు తెల్లవారుజామున అత్త మోకాళ్ళ మీద ఉంటే నేనూ పక్కన మోకరించి, "ఎందుకు తీసుకెళ్ళావు, చెప్పు" అని గట్టిగానే అడిగాను. తెల్లారేదాకా అడుగుతూనే ఉన్నాం.

"రేపు మళ్ళీ అడుగుదాంలే. లేచి టీ పెట్టు" అంది అత్త.