మసి పడని ఎండ

మొన్న రాయపూర్‌లో మా ఇంటి దగ్గరి మోవా సంతలో ఒకామె బూడిదగుమ్మడి వడియాలు అమ్ముతోంది. ఇక్కడివాళ్ళు వాటిని రఖియా బడీ అంటారు. చేత్తో తీసి చూశాను, ఎక్కడా ఓ నల్లచుక్క లేదు. ఎందుకో కొనబుద్ధి కాలేదు. మా అత్తగారు గుర్తొచ్చి ఇంటికొచ్చేశాను.

రాయపూర్ రాజధాని అయిన కొత్తల్లో ఆవిడకి కోడలిగా వచ్చాను. మామగారు రైల్వే ఉద్యోగం మీద పలాస నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన వచ్చిన రోజుల్లో ఊరంటే స్టేషనూ, బియ్యం మిల్లులూ, ఖారున్ నది ఒడ్డున దోసపాదులూ, అంతేనట. మా పెళ్ళినాటికి ఊరి చుట్టూ ఇనుప ఫ్యాక్టరీలు లేచాయి. వాటిలో ఒకదాంట్లో కొలిమి దగ్గర మా ఆయనకి పని. మాకు తిండి పెట్టే ఆ పొగే మా డాబా మీద మసై రాలేది. పంచె పరిచి వడియాలు పెడితే సాయంత్రానికి నువ్వులద్దినట్టుండేవి. "ఏటే కోడలా, ఈ ఊర్లో సూరీడు కూడా మసే కక్కుతన్నాడు" అని అత్తగారు కొడుక్కి వినబడేలా అరిచేవారు. అంతటితో ఊరుకునే మనిషి కాదు. పిండి గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఆటో ఎక్కి, నన్నూ లాక్కుని నది రేవుకి వెళ్ళేవారు. అక్కడ గాలికి మసి ఉండేది కాదు. స్నానానికొచ్చినవాళ్ళు "కా బేచథస్ దాయీ?" అని, ఏం అమ్ముతున్నావని అడిగితే, "బేచ్‌నా నహీ బాబూ, సుఖానా", అమ్మడానిక్కాదు, ఎండబెట్టడానికి అంటూ ఆవిడ మెట్లన్నీ ఆక్రమించేసేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

తర్వాత ఇనుము ధర పడిపోయి ఫ్యాక్టరీ మూతపడింది. మా ఆయన గోడకేసి చూస్తూ ఇంట్లో కూర్చున్నారు. ఆ వేసవి అత్తగారు డాబా మీదే వడియాలు పెట్టారు. మల్లెమొగ్గల్లా వచ్చాయి. ఆవిడ వాటివంక చూడనైనా చూడలేదు. దూరంగా కనబడే చిమ్నీ వైపు తిరిగి చేతులు జోడించి, "పొగొదులు తల్లీ, ఇంకెప్పుడూ తిట్టను" అన్నారు. పక్కన నిలబడి నేనూ మొక్కుకున్నాను, మనస్ఫూర్తిగా.

వానలకి ముందే పొగ వచ్చింది. పిల్లల్ని చదివించాం, మోవాలో ఈ ఫ్లాటు కొన్నాం. అత్తగారు పోయారు. నిరుడు మా ఆయన పని మానేశారు. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుపోయిందని డాక్టరు చెప్పాడు. ఎవరిని తిట్టుకోను? మొక్కి తెచ్చుకున్న పొగ. ఇన్నేళ్ళు ఇట్టే గడిచిపోయాయని అందరూ అంటారు గానీ, తెల్లవారుజామున ఆయన దగ్గు మొదలైతే తెలుస్తుంది, అవి ఎక్కడికీ పోలేదు, ఈ గదిలోనే ఉన్నాయి.