ముడి లేని గుమ్మడికాయ

అక్క పోయిందన్న కబురు నాకు ఇస్త్రీ గదిలో అందింది. ఆమె కూతురు పంపిన వాయిస్ మెసేజ్. "చిన్నమ్మా, మా యమ్మ పొద్దున్నే పోయింది. మూడు దినాల జ్వరం, అంతే. నీకు తెలియాల గదా అని చెప్తాండా." ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, ఏడ్చే ముందు తలుపు వైపు చూశాను. ఎవరైనా వింటున్నారేమోనని. ఆమె కోసం ఏడవడానికి కూడా ఈ ఇంట్లో నాకు భయమే. ఆ భయం ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అక్క నాకు తోడబుట్టినది కాదు. కువైట్‌లోని రుమైథియాలో నేను పనిచేసే ఇంట్లో నాకంటే ముందు పంతొమ్మిదేళ్లుగా ఉన్న మనిషి. ఆమెది రాయచోటి పక్క పల్లె, నాది కడప పక్క. ఐదేళ్ల కూతుర్ని అత్త దగ్గర వదిలేసి నేను ఈ ఇంటికి వచ్చిన రోజు, నా సూట్‌కేసు తెరవక ముందే ఆమె నా మణికట్టు పట్టుకుని నల్లదారం వైపు చూసింది.

"ఇది ముందు తీసెయ్యి పాపా. ఈడ కొన్ని పనులు చెయ్యాకు. దువ్వెన్లో ఎంట్రుకలు చుట్టి పెట్టాకు. తెలుగులో చీటీ రాసి మడత పెట్టాకు. దిండు కింద ఏమీ దాచాకు. చూసినారంటే చేతబడి అనుకుంటారు. సిహిర్ అంటారు ఈళ్లు. ఆ మాట ఒక్కసారి పుట్టిందంటే మన మాట ఎవురూ వినరు."

"మన ఊర్లో మాత్రం అనుకోరా అక్కా?" అన్నాను, తెలివిగా మాట్లాడాననుకుని.

"అనుకుంటారు. చెట్టుకు కట్టేసి కొడ్తారు గూడా. భయం యాడైనా ఒకటే. కాకపోతే ఈడ మనం పరాయోళ్లం."

ఆమె కొప్పులో ఎప్పుడూ ఒక క్రోషియా సూది ఉండేది. చిన్నప్పుడు మిషన్ స్కూల్లో ఒక సిస్టరమ్మ నేర్పిన అల్లిక అది. మధ్యాహ్నం భోజనాలై ఇల్లంతా పడుకున్నాక మేమిద్దరం మిద్దె మీద ఇస్త్రీ గదిలో కూర్చునేవాళ్లం. విక్స్ వాసన, ఊలు వాసన, ఆరిన బట్టల వేడి వాసన కలిసి ఉండేవి అక్కడ. ఆమె పెదవులు కదుపుతూ కుట్లు లెక్కపెట్టుకునేది. మధ్యలో నేను పలకరిస్తే కళ్లెర్ర చేసేది. లెక్క తప్పిందంటే మాత్రం నాదే తప్పు, తనది కాదు.

నాకూ నేర్పింది. ఒక విషయంలో మాత్రం చండశాసనురాలు. అల్లిక అయిపోయాక దారం కొసను ముడి వేయనిచ్చేది కాదు. ఆ కొసను సూదికి ఎక్కించి, కుట్ల కిందుగా అటు తిప్పి ఇటు తిప్పి లోపలికి పంపేయాలి. "ముడేసినావంటే ఆడ గట్టిపడ్తాది, వేలికి తగుల్తాది. తప్పు చేసినావనుకో, విప్పుకోవాలన్నా విప్పుకోల్యావు" అనేది. నాకేమో ముడి లేకపోతే అంతా ఊడిపోతుందని బెంగ. ఆమె చూడనప్పుడు గట్టిగా ఒక ముడి వేసి, దాన్ని లోపలికి నొక్కేసేదాన్ని. ఆమె వచ్చి వేలితో తడిమి, ఠపీమని నా చేతి మీద ఒకటి వేసేది.

ఇంట్లో మేము యజమానురాళ్లను మామా అంటాం. అత్తగారు పెద్ద మామా, కోడలు చిన్న మామా. కోడలి కూతురికి అప్పుడు తొమ్మిదేళ్లు. నేను వచ్చిన ఐదు నెలలకు, అక్టోబర్‌లో, ఆ పిల్ల ఐప్యాడ్ పట్టుకుని మిద్దె మీదకు పరుగెత్తుకొచ్చింది. హాలోవీన్‌కు తన స్నేహితురాళ్లు ఇంటికి వస్తారట. దయ్యాలు, గబ్బిలాలు, సాలీళ్లు, నోరు తెరిచిన గుమ్మడికాయ వేలాడే తోరణం కావాలట. అది కూడా ఊలుతో అల్లిందే కావాలట. పెద్ద మామాకు ఇలాంటివి అస్సలు నచ్చవు, హరామ్ అంటుంది. చిన్న మామా ఆమెను బతిమాలి, ఒక్క వారం అని ఒప్పించింది.

ఆ తోరణం అల్లిన పది రోజులూ మేము నవ్విన నవ్వు మళ్లీ ఈ ఇంట్లో నవ్వలేదు. అక్క తెల్ల ఊలుతో దయ్యం అల్లి, ఎత్తి పట్టుకుని చూసి పెదవి విరిచింది. "ఈళ్ల దయ్యాలకు కాళ్లే ల్యావు మే. కాళ్లు ల్యాకుండా జనాల ఎంట ఎట్ట పడ్తాయి?" అని, ఒకదానికి మాత్రం మన దయ్యాలకుండేలా వెనక్కి తిరిగిన పాదాలు అల్లింది. గుమ్మడికాయ బొమ్మ చూసి మరీ ఆశ్చర్యపోయింది. "ఇది మన దిష్టి గుమ్మడికాయ గదా! కండ్లు, కోరలు, అంతా అదే. మనం బూడిద గుమ్మడికాయ కడ్తాం, ఈళ్లు ఎర్రది పెడ్తారు." గుమ్మడికాయ అల్లే పని నాకు ఇచ్చింది. దిష్టి గుమ్మడికాయ అన్న ఆ మాట నా బుర్రలో అలాగే ఉండిపోయింది.

తోరణం కట్టడానికి రెండు రోజుల ముందు పిల్లకు జ్వరం వచ్చింది. బంధువులు ఎవరో వచ్చి వెళ్లిన సాయంత్రమే మొదలైంది. మందు వేసినా తగ్గలేదు, తిన్నది కక్కేస్తోంది. చిన్న మామా ఫోన్లో డాక్టర్‌తో మాట్లాడుతుంటే నేను పిల్ల పక్కన కూర్చుని ఉన్నాను. నా కూతురికి ఇలా వస్తే మా అత్త ఏం చేస్తుందో నాకు తెలుసు. వంటింట్లోంచి గుప్పెడు కల్లుప్పు, నాలుగు ఎండుమిరపకాయలు, నా బ్యాగులోని కుంకుమ, పిల్ల దువ్వెనలోంచి మూడు వెంట్రుకలు తెచ్చాను. పిల్ల నిద్రలో ఉండగా తల చుట్టూ మూడుసార్లు తిప్పాను. వద్దని అక్క మొదటి రోజే చెప్పిన పని అది. తెలిసే చేశాను.

తిప్పిన దిష్టిని నిప్పుల్లో వేయాలి. ఆ ఇంట్లో నిప్పులెక్కడివి, అంతా కరెంటు పొయ్యి. చెత్తబుట్టలో వేస్తే కనబడుతుంది. చేతిలో మూట, మెట్ల మీద అడుగుల చప్పుడు. అప్పుడు నా గుమ్మడికాయ గుర్తొచ్చింది. ఎలాగూ గుమ్మానికి వేలాడుతుంది, ఎలాగూ కోరలున్నాయి, దిష్టంతా అదే లాక్కుంటుంది అనుకున్నాను. అంతా దాని కడుపులో కూరి, పైన దూది పెట్టి, ఉప్పు రాలకుండా అడుగున బిగించి ముడి వేశాను.

పిల్ల లేచి కూర్చుంది. తోరణం గుమ్మానికి ఎక్కింది. నేను లోలోపల మురిసిపోయాను కూడా.

మూడో రోజు గాలి తేమగా తిరిగింది. ఈ ఊళ్లో అక్టోబర్ చివర అలాంటి రోజులు వస్తాయి, అద్దాలన్నీ చెమట పట్టినట్టు ఉంటాయి. కల్లుప్పు గాలిలోని నీళ్లు పీల్చుకుని కుంకుమతో కలిసి కారుతుందని నాకు తట్టనే లేదు. పెద్ద మామా నమాజు చేసుకుని, ఆ తెల్ల వస్త్రంతోనే గుమ్మం దాకా వచ్చింది. భుజం మీద ఏదో పడినట్టై చూసుకుంది. ఎర్రటి బొట్టు. తలెత్తి చూసింది. గుమ్మడికాయ అడుగు నుంచి ఇంకొకటి జారుతోంది.

ఆ ముసలావిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. గోడకు ఆనుకుని, ఏదో ప్రార్థన చదువుకోవడం మొదలుపెట్టింది. ఆమె ముఖం చూశాక నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె భయం చూసి నాకు భయం, నా భయం ఎవరైనా చూస్తారేమోనని ఇంకో భయం.

చిన్న మామా వచ్చి మమ్మల్ని ఇద్దరినీ హాల్లోకి పిలిచింది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. దించమని అక్కకు చెప్పారు. ఆమె స్టూలెక్కి దించింది. దించుతూ అలవాటుగా బొటనవేలితో అడుగు తడిమింది. ముడి దగ్గర ఆ వేలు ఆగిపోయింది. ఒక్క క్షణం నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది.

చిన్న మామా కత్తెరతో కోసింది. తెల్ల ప్లేటులో ముద్దైన ఎర్రటి ఉప్పు, మిరపకాయలు, వాటికి చుట్టుకుని పిల్ల వెంట్రుకలు. ఆ తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మినూ సవ్వా హాదా?" అంది పెద్ద మామా. ఎవరు చేశారిది అని.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట. నేను తడుముకోలేదు. చేతులు కదిలితే కదా. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. పోలీస్ స్టేషను, నా పేరు, అర్థం కాని భాషలో ప్రశ్నలు, ఊళ్లో నా కూతురు, అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకొచ్చాయి.

"అనా మామా" అంది అక్క. నేనే మామా, అని. తర్వాత తనకు వచ్చిన అరబీలో నెమ్మదిగా చెప్పింది. పిల్లకు జ్వరమని, మా ఊళ్లో దిష్టికి ఇలా చేస్తారని, చెడు కోరి చేసింది కాదని. పెద్ద మామా వింది. పంతొమ్మిదేళ్లు తన కాళ్లు పట్టిన చేతుల వంక చూసింది. పోలీసులకు ఫోన్ చేయబోయిన కోడలిని ఆపింది. "ఖలాస్. ఊరికి పంపించేయండి" అంది.

ఉన్న రెండు రోజులూ అక్కను నాతో మాట్లాడనివ్వలేదు. ఆమె సామానంతా విప్పి చూశారు. ఊలు ఉండలన్నీ చివరి దాకా విప్పించారు. వెళ్లే పూట మాత్రం ఇస్త్రీ గదికి ఒక్క నిమిషం వచ్చింది. నేను ఆమె కాళ్ల మీద పడ్డాను.

"లెయ్యి మే. ఎవురన్నా చూస్తే ఇద్దరం పోతాం."

"నేను చెప్పేస్తా అక్కా. ఇప్పుడే పోయి చెప్పేస్తా."

"చెప్పాకు. నా మింద ఈళ్లకు పంతొమ్మిదేండ్ల నమ్మకం ఉండాది. నన్నయితే టికెట్టు కొనిచ్చి పంపిస్తారు. నిన్నయితే స్టేషనుకు పంపిస్తారు. ఆ పిల్లకు బాగైంది గదా, అది చాలు." కొప్పులోంచి సూది తీసి ఇస్త్రీ బల్ల గుడ్డకు గుచ్చింది. "ముడెయ్యాకు, ఇంకెప్పుడన్నా" అని, ఏదో చిన్న పొరపాటు దిద్దినట్టు నా చేతి మీద ఒకటి వేసి వెళ్లిపోయింది.

నాలుగేళ్లయింది. ఫోన్లో మాట్లాడినప్పుడల్లా పెద్ద మామా మోకాళ్ల నొప్పి గురించి అడిగేది, పిల్ల ఎంత ఎత్తు పెరిగిందని అడిగేది. ఒక్కసారైనా ఆ గుమ్మడికాయ మాట ఎత్తలేదు. నేనే ఎత్తాను ఒకసారి, ఏడుస్తూ. "ఊరుకో మే, ఊళ్లో నేను బాగానే ఉండా" అంది. బాగా లేదని నాకు తెలుసు. కువైట్ నుంచి తరిమేస్తే వచ్చిందట, ఏదో చేసిందట, అని ఊరు చెవులు కొరుక్కుందని ఆమె కూతురు తర్వాత చెప్పింది. ఆ మాటలన్నీ నేను పడాల్సినవి.

వాయిస్ మెసేజ్ వచ్చిన వారానికి పిల్ల, ఇప్పుడు పదమూడేళ్లది, ఒక అట్టపెట్టె తీసుకుని మిద్దె మీదకు వచ్చింది. లోపల ఆ తోరణం. పారేశారనుకున్నాను, బీరువా అడుగున దాచుకుందట. గబ్బిలాలు, సాలీళ్లు, వెనక్కి తిరిగిన పాదాల దయ్యం, మధ్యలో గుమ్మడికాయ ఉండాల్సిన చోట ఖాళీ దారం. "ఇక్కడ ఒకటి అల్లిస్తావా?" అంది. "నానమ్మ ఒప్పుకుంటే" అన్నాను. నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

రెండు మధ్యాహ్నాలు అల్లాను. అక్క సూదితోనే. ముఖం కుట్టలేదు, దూది పెట్టలేదు. చివరి కొసను లోపలికి పంపకుండా బయటే వదిలేశాను.

నిన్న సాయంత్రం అసర్ నమాజు తర్వాత పెద్ద మామా హాల్లో ఒక్కతే టీ తాగుతోంది. గుమ్మడికాయను ఆమె గ్లాసు పక్కన పెట్టి, నేను కింద కూర్చున్నాను. "మామా, ఆ రోజుది నేను చేసింది. ఆమె కాదు" అన్నాను.

ఆమె గ్లాసు చేతిలోకి తీసుకుంది. తర్వాత అడిగింది, "ఆమెకు తెలుసా?"

"తెలుసు మామా. ముడి చూసి కనిపెట్టింది. ఆమె ముడి వేయదు. ఎప్పుడూ వేయలేదు."

"ఇప్పుడెక్కడుంది?"

"చనిపోయింది మామా."

గ్లాసు కింద పెట్టింది. "దీంట్లో ఏముంది?" అంది గుమ్మడికాయను చూస్తూ, ముట్టుకోకుండా.

"ఏమీ లేదు. కొస లాగి చూడండి."

గోరింటాకు పెట్టిన వేళ్లతో ఆ కొస పట్టుకుంది. లాగింది. ఒక వరస ఊడింది. ఆగి నా వంక చూసి, మళ్లీ లాగింది. ఎక్కడా చిక్కుపడకుండా వరస వెనక వరస ఊడుతూనే ఉంది. ఏ పోలీసులను పిలుస్తుందో, ఏ టికెట్టు కొనిస్తుందో అని నేను ఆమె వేళ్లనే చూస్తున్నాను. ఆమె మాత్రం నన్ను మరిచిపోయినట్టు లాగుతూనే ఉంది, అడుగున మొదటి కుట్టు కూడా విడిపోయి చేతిలో గుమ్మడికాయ అన్నది లేకుండా పోయే దాకా. ఒళ్లో ఒట్టి నారింజరంగు దారం మిగిలింది.

దారం పొడవునా కుట్ల వంకర్లు అలాగే ఉన్నాయి. పెద్ద మామా దాన్ని మోకాలి మీద పరిచి, అరచేత్తో సాపు చేయడం మొదలుపెట్టింది. టీ చల్లారిపోయింది. నేను లేచి రావచ్చో కూడదో చెప్పకుండా, తలెత్తకుండా, ఆమె దాన్ని నిమురుతూనే ఉంది. ఎంత నిమిరినా ఆ వంకర్లు పోవడం లేదు.