అక్క పనిచేసింది టీబీ విభాగంలో కాదు

అక్క పోయిందని సింధనూరులో మందుల షాపు దగ్గర తెలిసింది. మా మామగారి బీపీ మాత్రలు కడుతూ షాపాయన పక్కనున్న మనిషితో అంటున్నాడు: "గా ఆస్పత్రిల కౌన్సెలరు అక్క లేదూ, రాత్రి గుండెపోటొచ్చి పోయిందంట. మధ్యాన్నం మట్టి చేస్తరంట." అయ్యో అంటే, ఆవిడ నీకెలా తెలుసమ్మా అని అడుగుతారు. మాత్రలు సంచీలో వేసుకుని బయటికొచ్చి, గోడవైపు తిరిగి ఏడ్చాను.

అక్క నాకు చుట్టం కాదు. రాయచూరు వైపు తరతరాలుగా ఉన్న తెలుగు మనిషి. మేం ఈ కన్నడ సీమకు వలసొచ్చి, కాలవ కింద క్యాంపని పిలిచే ఊళ్ళో వరి పండించుకునే ఆంధ్రావాళ్ళం. ఆస్పత్రిలో సుఖవ్యాధులు, పిల్లలు కలగని బాధలు, కొత్తగా పెళ్ళయిన వాళ్ళ భయాలు, నలుగురిలో నోరెత్తలేనివన్నీ ఆవిడ గదికే వచ్చేవి. గది అన్నానుగానీ దానికి తలుపు లేదు. బయట మాత్రం పెద్ద బోర్డు, దాని మీద నవ్వుతున్న అమ్మాయి, అబ్బాయి బొమ్మ. తలుపు కావాలని అడిగీ అడిగీ విసుగొచ్చి, ఇంటి నుంచి పూల దుప్పటి తెచ్చి అడ్డం కట్టుకుంది. ఒకసారి పైనుంచి అధికారులొచ్చి, ఆస్పత్రిలో ఈ దుప్పటేంటని పీకించేశారు. బోర్డు పక్కన నిలబడి ఫొటోలు దిగి వెళ్ళారు. వాళ్ళ జీపు గేటు దాటకముందే అక్క మళ్ళీ దుప్పటి కట్టేసింది.

తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి భరించలేక నేను మొదటిసారి వెళ్ళినప్పుడు రెండు పొట్లాలిచ్చింది, ఒకటి నాకు, ఒకటి మా ఆయనకు. ఆయనకు చెప్పే ధైర్యం నాకెక్కడిది? మా తోడికోడలికీ అదే బాధ, ఆస్పత్రికి రావడానికి సిగ్గు. ఆ రెండో పొట్లం ఆమె మింగింది. సంగతి తెలిసి అక్క తల పట్టుకుంది.

"పెరుగుతోడు అనుకున్నవా, ఇంటింటికి పంచనీకి? మొగుడు పెండ్లాం ఇద్దరు మింగాలె. నువ్వొక్కదానివి మింగితె మల్ల మొదటికొస్తది. మీ ఆయన్ను తోల్కరా."

"రాడక్కా. చంపేస్తాడు."

"నీకు రక్తం తక్కువున్నది, మొగుడు రావాలన్నరని చెప్పు. వస్తడు."

రక్తం ఇమ్మంటారేమోనని ఆయన కడుపునిండా తినేసి మరీ వచ్చాడు. దుప్పటి ఇవతల కూర్చున్న నాకు అక్క గొంతు వినపడుతూనే ఉంది. "తమ్మీ, నిన్ను తిట్టనీకి పిలువలె. ఈ రోగం ఎక్కడికెల్లి తెచ్చినవని అడగ. మందు మింగు, ఇంటిదాన్ని బతకనియ్యి." తిరుగుదారిలో ఆయన గతుకులని కూడా చూడకుండా బండి తోలాడు. మాత్రలు మాత్రం మింగాడు. ఈ రాత చూసి ఏమంటాడో, అననీ.

ఆ రోజే అక్క నాకింకో మాట చెప్పింది. "బజార్ల కనబడితె నన్ను పలకరించకు. నేను గూడ పలకరించ. నాతోని మాట్లాడిన ఆడదాన్ని చూస్తె జనం ఏమేమో అనుకుంటరు." అన్నంత పనీ చేసింది. కూరగాయల సంతలో నా పక్కనే నిలబడి వంకాయలు బేరమాడి, నన్నెన్నడూ చూడనట్టే వెళ్ళిపోయింది. ఆ ఊళ్ళో ఎంతమందికి అలా పరాయిదైందో ఆవిడ.

"సుఖవ్యాధంట, పేర్లనే సుఖం పెట్టిండ్రు," అనేది. "ఇంతమంది ఆడోళ్లను చూసిన, ఒక్కదాని మొకంల గూడ సుఖం కనబడలె." ఢిల్లీ నుంచి కొత్త పథకం వచ్చిందని పేపర్లో చదివి చెబితే నవ్వేది. "రాసేటోళ్లు మంచిగనే రాస్తరు. గోప్యమంటరు, హక్కంటరు. మనూరికొచ్చే వరకు గది బోర్డయితది."

చివరికి ఆ బోర్డూ లేకుండా పోయింది. ఏదో విభాగాన్ని ఇంకేదో విభాగంలో కలిపి, అక్క కాంట్రాక్టు పొడిగించలేదు. గదిలో విరిగిన మంచాలు వేశారు. వాటి కోసం తలుపు పెట్టారు, తాళం కూడా. ఆ తలుపు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నం నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఆస్పత్రి నుంచి ఒక పెద్ద డాక్టరు దండ తెచ్చి, మాతా శిశు సంక్షేమానికి ఎంతో పాటుపడిందని నాలుగు మాటలు చెప్పాడు. ఆవిడ చేసిన పని పేరు ఆ నోటి నుంచి రాలేదు. ఇంట్లోవాళ్ళైతే ఏళ్ళ తరబడి చుట్టుపక్కల టీబీ విభాగమనే చెప్పుకొచ్చారట. అక్క వాళ్ళ వదిన నన్ను చూసి దగ్గరికొచ్చింది.

"మీరు ఏమైతరమ్మ?"

"అక్క దగ్గర వైద్యం చేయించుకున్నానండి."

"టీబీ ఉండెనా మీకు?"

"టీబీ కాదండి. సుఖవ్యాధి. నాకూ మా ఆయనకూ. అక్క వల్లే నయమైంది."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. చాప మీద నా పక్కన కూర్చున్నామె లేచి వేరేచోటికి వెళ్ళింది. అక్క కాళ్ళకు మొక్కి బయటికొచ్చేశాను.

రోడ్డుకు అవతల బస్టాపు నిండా ఆడవాళ్ళు. కొందరు నాకు తెలుసు. దుప్పటి బయట బల్ల మీద ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా పక్కపక్కన కూర్చున్నవాళ్ళం. చేతుల్లో సంచులు, చంకల్లో పిల్లలు. బస్సు వచ్చింది. "మాన్వి, రాయచూరు, హత్తరీ, హత్తరీ" అని కండక్టరు కన్నడంలో ఎక్కండెక్కండంటూ అరిచాడు. ఎవరూ ఎక్కలేదు. ఇంకో బస్సు వచ్చి, అదీ ఖాళీగానే వెళ్ళింది.

అక్కను ఎక్కించిన బండి వాళ్ళ ముందు నుంచే పోయింది. ఒక్కరూ చేతులు జోడించలేదు. అందరూ బస్సు వచ్చే వైపే చూస్తూ, దుమ్ము పడినట్టు కొంగుతో కళ్ళొత్తుకుంటూ నిలబడ్డారు.